సోనాపూర్ మత్స్యకారులు

సోనాపూర్, దుబాయ్
18 ఆగస్టు 2006

సర్పంచ్ హుస్సేనమ్మ గారికి – అని రాసి ఒకసారి చూసుకున్నాను. చాలా బాగుంది. ఇక ఎప్పటిలాగే, అక్కకు తమ్ముడు అయూబ్ సలాములు.

నువ్వు గెలిచిన సంగతి బావ ఫోనులో చెప్పాడు. "గెలిచినాం" అన్నాడు. నిన్ను పిలవమని మూడుసార్లు ఫోను చేస్తే మూడుసార్లూ నువ్వు బర్రెల దగ్గరే ఉన్నావట. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మన వీధి నుంచి, అందులోనూ ఒక ఆడమనిషి, సర్పంచ్ కావడం నాయన ఉంటే నమ్మేవాడు కాదు. ఇక్కడ మన కడప జిల్లావాళ్ళందరికీ మిఠాయి పంచాను.

నా సంగతి కూడా విను. పోయిన నెల నుంచి నాకు సైటు పని తప్పింది. తెల్లారకముందే బస్సెక్కి, ఎండలో చెక్కలు మోసే బాధ లేదు. క్యాంపు ఆఫీసులో దుబాసీ పని ఇచ్చారు. ఇంగ్లీషులో వచ్చిన కాయితాలను తెలుగులోకి, ఉర్దూలోకి మార్చాలి. ఏసీ గది. కుర్చీకి చక్రాలున్నాయి.

కొత్తగా సంక్షేమాధికారి వచ్చాడు. లాంగ్‌ఫోర్డ్ అని ఇంగ్లీషాయన, అరవై దాటాయి. ఇదివరకు తెల్లవాళ్ళు చివరిదాకా ఏలిన ఏదో ద్వీపంలో పెద్ద ఉద్యోగం చేశాడు. మా క్యాంపులో ఎనిమిది వందల మందిమి ఉన్నాం. మూడంతస్తుల భవనానికి గేటు దగ్గర ఒకటే మంచినీళ్ళ కూలర్. పైన ట్యాంకు నీళ్ళు నోట్లో పోసుకోలేం, ఉప్పు. పోయినవారం అబ్బులు అనే మా గోదావరి మనిషి సైటు నుంచి వచ్చి, నీళ్ళ క్యాను ఎత్తుకుని మూడో అంతస్తుకు ఎక్కుతూ మెట్లమీద సొమ్మసిల్లి పడిపోయాడు. అప్పటినుంచి, మా మాట చెప్పడానికి ఒక కమిటీ కావాలని, దానికి మేమే ఓట్లేసుకుంటామని కార్మికులు అడుగుతున్నారు.

లాంగ్‌ఫోర్డ్ సార్ ఒప్పుకున్నాడు. కాకపోతే క్రమక్రమంగా. దానిమీద ఒక ప్రకటన ఇచ్చాడు, పద్నాలుగు పేజీలు. మొదటి భాగం నేను తెలుగు చేశాను. ఒక ముక్క చూడు: "ప్రత్యక్ష ఎన్నికలకు యాజమాన్యం వ్యతిరేకం కాదు. తగిన కాలం రావాలని మాత్రమే కోరుతున్నది. నివాసులు సిద్ధంగా లేరని మేము అనడం లేదు. సిద్ధంగా ఉన్నారన్న నమ్మకం మాకు కలగడానికి కొంత వ్యవధి అవసరమని మాత్రమే మనవి." ఎంత మర్యాదగా ఉందో కదా. మొదటి విడతలో సభ్యులను కంపెనీయే నియమిస్తుంది. ఆ సభ్యుల్లో నేనూ ఒకణ్ణి.

బావకు చదవడం ఇష్టం కనుక ఒక ప్రతి ఇందులోనే పెడుతున్నాను. ఆయన అభిప్రాయం కనుక్కో.

నీ గెలుపును తలచుకుని మురిసిపోతున్న
అయూబ్


చిన్నకొట్టాల
9 సెప్టెంబరు 2006

చక్రాల కుర్చీలో కూర్చున్న తమ్ముడికి హుస్సేనమ్మ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. నా పేరు రాసి ఉన్నా మీ బావే విప్పాడు, ఆయనే చదివాడు. నాకు రెండోరోజు ఇచ్చాడు.

ఇక్కడ సర్పంచ్ పని బాగానే సాగుతోంది. మోటార్లు చుట్టే దుకాణం మూసేసి మీ బావ పొద్దున్నే పంచాయతీ ఆఫీసుకు పోతున్నాడు. నా కుర్చీలో కూర్చుంటున్నాడు. సీలు ఆయన చొక్కా జేబులో ఉంటుంది. కార్యదర్శి సాయంత్రం తీర్మానాల పుస్తకం ఇంటికి పంపిస్తే నేను సంతకం పెడుతున్నాను. ఏముంది ఇందులో అని అడిగితే, "నీకేం తెలుస్తాది హుస్సేనూ, ఇంకో రెండు మూడేండ్లు పోనీ, నేనే నేర్పిస్తా" అంటాడు. సర్పంచ్ పదవి ఐదేళ్ళు. ఆయన లెక్కలో సగం చదువుకే పోతుంది.

బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. ఓట్లు అడగడానికి పోయినప్పుడు ప్రతి ఇంట్లో తల్లులు చెప్పింది అదొక్కటే. ఆ సంగతి ఎత్తితే మీ బావ ముందు ఊరి మొదట్లో ఒక సిమెంటు తోరణం కట్టాలంటున్నాడు. దానిమీద ఏ పేరు రాయాలో కూడా అనుకున్నాడు. ఆ పేరు నాది కాదు.

నువ్వు పంపిన కాయితం ఆయనకు ఎంత నచ్చిందో మాటల్లో చెప్పలేను. వారంపాటు దిండుకింద పెట్టుకున్నాడు. తర్వాత ఊరి సభలో నిలబడి మొత్తం చదివి వినిపించాడు. అందరూ తలలూపారు. నా తమ్ముడు దుబాయ్‌లో కూర్చుని అక్కకోసం ఇంత పని చేశాడని ఊరంతా అంటోంది. నీ మేలు జన్మలో మరిచిపోను.

మీ అక్క
హుస్సేనమ్మ


సోనాపూర్
28 సెప్టెంబరు 2006

అక్కకు అయూబ్ సలాములు. రోజాలో ఉండి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం చదివి కళ్ళు చెమర్చాయి. నా తెలుగు మన ఊరి సభలో చదివారా? అందరూ తలలూపారా? మన తెలుగు పంతులు నా వ్యాకరణం చూసి ఎన్ని బెత్తాలు విరిచాడో నీకు తెలుసు. ఆయన కూడా సభలో ఉంటే ఏమన్నాడో రాయి. లాంగ్‌ఫోర్డ్ సార్‌కు చెప్పాను, మా అక్క ఊళ్ళో మీ కాయితం చదివారని. ఆయన, "అక్కడైనా పనికొచ్చింది" అన్నాడు.

బావ పద్ధతి నాకు సబబుగానే తోచింది. ఏ బాధ్యతైనా ఒక్కసారిగా మీద పడకూడదు. సార్ కూడా అదే అంటాడు. ప్రకటన రెండో భాగం కూడా తెలుగు చేసి పంపిస్తున్నాను, బావకు ఇవ్వు. ఇందులో విడతలన్నీ వివరంగా ఉన్నాయి. ముందు కంపెనీ నియమించినవాళ్ళు, తర్వాత ఫోర్మన్లు ఎంచినవాళ్ళు, ఆ తర్వాత వృత్తులవారీగా, చిట్టచివర అందరి ఓటు. చిట్టచివర అంటే ఎప్పుడు అన్నచోట ఇంగ్లీషులో కూడా ఖాళీగానే ఉంది.

క్యాంపులో మాత్రం నా కష్టం ఎవరికీ పట్టలేదు. నన్ను 'క్రమక్రమం అయూబ్' అంటున్నారు. మొన్న మెస్సులో పప్పు వడ్డించే మనిషి నా కంచంలో నాలుగు చుక్కలు వేసి, "మిగతాది క్రమక్రమంగా" అన్నాడు. అందరూ నవ్వారు. కమిటీ రెండుసార్లు కూడింది. నియమితులం ఏడుగురం. టీ, బిస్కెట్లు ఇచ్చారు. కూలర్ల సంగతి సమయోచితం కాదని తీర్మానించాం. నేనూ చెయ్యెత్తాను.

ఒక చిన్న విచిత్రం. ప్రకటన తొమ్మిదో పేజీలో ఇలా ఉంది: "మత్స్యకారులు మాత్రం, వారి ఐకమత్యాన్ని గౌరవించి, మొదటి విడతలోనే తమ ప్రతినిధిని నేరుగా ఎన్నుకోవచ్చును. తాను మత్స్యకారుడినని ఎవరికివారు ప్రకటించుకుంటే చాలును." ఈ ఎడారిలో మత్స్యకారులు ఎక్కడివాళ్ళని నాకూ అనుమానం వచ్చింది. కానీ పెద్దవాళ్ళు రాసినదాన్ని దిద్దడం నా పని కాదు కనుక ఉన్నదున్నట్టు తెలుగు చేశాను. ముదీర్, అంటే మా మేనేజరు, నాలుగు భాషల ప్రతులమీదా ముద్ర కొట్టాడు. గోడకు అంటించాం. పద్నాలుగు పేజీలు గోడమీద ఎవరు చదువుతారు?

ఒక్కడు చదివాడు. కాకినాడ దగ్గరి పెద్దిరాజు, కమ్మీలు కట్టే మేస్త్రీ. నిన్న ఆఫీసుకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మా తాతముత్తాతల కాణ్ణుంచీ సముద్రం మీదకి ఏటకెళ్ళినోళ్ళమండి. నా పేరు రాసుకోండి" అన్నాడు. రాసుకున్నాను. ఒక్క పేరే కదా.

ఇఫ్తార్‌కు టైమవుతోంది, ఆపుతున్నాను.
అయూబ్


చిన్నకొట్టాల
20 అక్టోబరు 2006

అయూబూ,

పోయిన ఉత్తరంలో నేను ఎత్తిపొడిచాను. నువ్వు పొగడ్త అనుకున్నావు. ఈసారి నేరుగా రాస్తున్నాను.

మీ బావ ఆ కాయితాన్ని ఉన్నదున్నట్టు చదవలేదు. నువ్వు 'యాజమాన్యం' అని రాసినచోటల్లా 'ఊరి పెద్దలు' అని, 'నివాసులు' అని రాసినచోటల్లా 'ఆడవాళ్ళు' అని మార్చి చదివాడు. మరోసారి చదువుకో, ఎంత బాగా అతుకుతుందో. "ఆడవాళ్ళు సిద్ధంగా లేరని మేము అనడం లేదు. సిద్ధంగా ఉన్నారన్న నమ్మకం మాకు కలగడానికి కొంత వ్యవధి అవసరం." నన్ను గెలిపించిన ఆడవాళ్ళు ముందువరుసలో కూర్చుని విన్నారు. చదవడం అయ్యాక ఆయన, "ఇది నేను సెప్తాండేది కాదు, సర్పంచ్ సొంత తమ్ముడు దుబాయ్ నుంచి రాసినాడు" అన్నాడు. అందరూ నావైపు చూశారు. నేను చీర కొంగు చూసుకున్నాను.

నీ రెండో భాగం కూడా అందింది. మీ బావ ఇప్పుడు దానిలోని విడతలు నాకు వర్తింపజేస్తున్నాడు. మొదటి ఏడాది సంతకం, రెండో ఏడాది సభకు వచ్చి వినడం, మూడో ఏడాది మాట్లాడటం. సీలు చిట్టచివర.

ఆయన చెడ్డవాడని రాయడం లేదు. నాకు జ్వరం వస్తే అన్నం వండిపెట్టే మనిషే. కానీ నా పేరుతో ఓట్లు పడ్డాయి. అంగన్‌వాడీ టీచరు హలీమాబీ రెండు కాళ్ళూ వాచి ఉన్నా రిక్షాలో వచ్చి నాకు ఓటేసింది. అంగన్‌వాడీలో ఆమెను చూసినప్పుడల్లా నాకు తల ఎత్తడం కావడం లేదు.

నువ్వు కూలర్లు వద్దని చెయ్యెత్తావని చదివి ఆ ఉత్తరం మడిచి పక్కన పెట్టాను. మెట్లమీద పడిపోయిన ఆ అబ్బులు ఎలా ఉన్నాడో నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు.

ఒక పని చెయ్యి. మీ సార్‌ను అడుగు, ఆయన ఇదివరకు ఉద్యోగం చేసిన ద్వీపంలో కూడా ఇలాగే విడతలు పెట్టి ఉంటే, అందరికీ ఓటు చివరికి ఏ సంవత్సరం ఇచ్చారో. నాకు ఆ జవాబు కావాలి. ఇకమీదట ఉత్తరాలు మా ఇంటికి కాదు, హలీమాబీ పేరిట అంగన్‌వాడీ కేంద్రానికి పంపు.

హుస్సేనమ్మ


సోనాపూర్
15 నవంబరు 2006

అక్కా,

నీ ఉత్తరం పండగ అయిన వారానికి అందింది. రెండు వారాలు జవాబు రాయలేకపోయాను. రాసి చించిన కాయితాల్లో అంతా సంజాయిషీయే ఉంది. తప్పయిపోయింది, అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

అబ్బులు దగ్గరికి వెళ్ళాను. కోలుకున్నాడు, పనికి పోతున్నాడు. "మీరు పైకొచ్చేరేంటండి, ఏసీ చెడిపోయిందాండి?" అన్నాడు. మంచంమీద చోటిచ్చాడు. గేటు దగ్గరికి పోయి క్యాను నింపి మూడో అంతస్తుకు మోసుకొచ్చాను. నాలుగు నెలల ఆఫీసు ఒంటితో రెండుచోట్ల దించుకోవాల్సి వచ్చింది.

నువ్వు అడిగిన ప్రశ్న సార్‌ను అడిగాను. ఆయన టీ కలుపుతున్నాడు. చెంచా ఆపాడు. ఆ ప్రకటనను ఆ ద్వీపం కోసం తన ఇరవై ఎనిమిదో ఏట తానే రాశానన్నాడు. పై అధికారులు మెచ్చుకున్నారట. విడతలవారీగా పందొమ్మిదేళ్ళు నడిపారట. "మరి అందరికీ ఓటు ఎప్పుడిచ్చారు సార్?" అని మళ్ళీ అడిగాను. "ఓటర్ల జాబితా అచ్చుకు పంపాం. అచ్చయి వచ్చేలోపు మమ్మల్ని తీసుకెళ్ళడానికి ఓడ వచ్చింది" అన్నాడు. ఆ టీ ఆయన తాగలేదు.

మా కంపెనీకి కొత్తది రాసే ఓపిక లేక పాతదే తీసి, 'ప్రభుత్వం' అన్నచోట 'యాజమాన్యం' అని, 'ప్రజలు' అన్నచోట 'నివాసులు' అని మార్పించాడట. అంటే బావ చేసింది ఆయన చేసిన పనే. మత్స్యకారుల పేరా తీసెయ్యడం మరిచిపోయాడు. ఆ ద్వీపంలో సర్కారు ఏం చెప్పినా ఎదురాడనివాళ్ళు వాళ్ళేనట, అందుకే ముందే ఓటిచ్చారట.

ఇప్పుడు అసలు సంగతి. పెద్దిరాజు వెనకాలే గోదావరి జిల్లాలవాళ్ళు ముప్పైమంది వచ్చి పేర్లు రాయించుకున్నారు. తర్వాత కేరళవాళ్ళు. తర్వాత బెంగాలీలు, వాళ్ళు నిజంగానే చేపలు పట్టేవాళ్ళు, అబద్ధం కూడా లేదు. నిజామాబాద్ నూర్ మొహమ్మద్ వచ్చి, "మా ఊరి చెర్వుల గాలమేసినోణ్ణే, రాస్కో అన్నా" అన్నాడు. పెషావర్ పఠాన్ ఒకాయన చేప పట్టలేదు కానీ చాలాసార్లు తిన్నానన్నాడు. ఎవరికివారు ప్రకటించుకుంటే చాలని ప్రకటనలోనే ఉంది. రాసుకున్నాను. నిన్నటికి క్యాంపులో మత్స్యకారులు ఆరువందల పన్నెండుమంది.

ముదీర్‌కు తెలిసింది. నన్ను పిలిచి ఒక కాయితం ముందుపెట్టాడు. మత్స్యకారుల పేరా నా తర్జుమాలో దొర్లిన తప్పు అని నేను సంతకం పెట్టాలట. పెడితే ఎన్నిక రద్దు, నా కుర్చీ నాకే. పెట్టకపోతే సైటు. ఈ నెలాఖరుదాకా గడువిస్తే, నేను ఊళ్ళో మావాళ్ళను సంప్రదించాలని చెప్పి వచ్చేనెల పదిహేనుదాకా పెంచుకున్నాను. ఏం చెయ్యమంటావు?

అయూబ్


చిన్నకొట్టాల
4 డిసెంబరు 2006

తమ్ముడు అయూబుకు,

మన పక్క ఊరి మనిషి దుబాయ్ వస్తుంటే ఈ ఉత్తరం అతని చేతికి ఇస్తున్నాను, గడువులోపల అందాలని.

పోయినవారం బట్టలు ఉతుకుతుంటే మీ బావ చొక్కా జేబులో సీలు తగిలింది. ప్రతిసారీ తీసి గూట్లో పెట్టి, ఆరిన చొక్కాలో మళ్ళీ పెట్టేదాన్ని. ఈసారి పెట్టలేదు. ఆయన మూడురోజులు వెతికాడు. మంచం కింద, స్కూటర్ డిక్కీలో, నీళ్ళ గాబు వెనకాల. నన్ను మాత్రం అడగలేదు. సర్పంచ్ సీలు కనపడలేదని సర్పంచ్‌ను అడగడం ఎలాగో ఆయనకు తోచలేదు. నాలుగో రోజు, "నా వస్తువొకటి పోయింది" అన్నాడు. "నీ వస్తువులన్నీ ఉండాయి, సూసుకో" అన్నాను.

ఈ పొద్దు పంచాయతీ సమావేశం. నేను ముందే పోయి కుర్చీలో కూర్చున్నాను. చెప్పులు విడిచి కాళ్ళు నేలకు అదిమిపెట్టాను. మీ బావ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కార్యదర్శి ఆయనను చూశాడు, నన్ను చూశాడు, పుస్తకం ఎవరిముందు పెట్టాలో తెలియక గాల్లో పట్టుకున్నాడు. నేను చెయ్యి చాపాను.

మీ బావ నీ కాయితం తీశాడు. "విడతలు" అన్నాడు. నేను నీ ఉత్తరంలోని ముక్క చదివాను, ఓడ వచ్చిన సంగతి. చదివి, "ఇది మా తమ్ముడు రాసింది కాదు. ఒక ద్వీపంలో పందొమ్మిదేండ్లు సెప్పి, ఓట్లు పెట్టకుండానే ఓడెక్కి పోయినోళ్ళు రాసింది. మనూరికి ఓడ కూడా రాదు" అన్నాను. కిటికీ బయట ఆడవాళ్ళు నవ్వారు. మరుగుదొడ్డి తీర్మానం రాయించి సీలు వేశాను. వంకరగా పడింది. ఇంకోసారి వేశాను.

మీ బావ ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం మాత్రం తిన్నాడు.

నీ సంతకం సంగతి నన్ను అడగొద్దు. నా సీలు సంగతి నేను ఎవరినీ అడగలేదు.

హుస్సేనమ్మ


సోనాపూర్
19 జనవరి 2007

అక్కకు సలాములు.

ఈ ఉత్తరం సైటులో, చెక్కల గుట్టమీద కూర్చుని రాస్తున్నాను. కనుక ఏమైందో నీకు అర్థమయ్యే ఉంటుంది.

గడువురోజు ముదీర్ కలం చేతికిచ్చాడు. "తప్పు తర్జుమాలో లేదు సార్, అసలుదాంట్లోనే ఉంది" అన్నాను. లాంగ్‌ఫోర్డ్ సార్ అక్కడే ఉన్నాడు. ఆయన ఒక్క మాట అంటే నా కుర్చీ నిలుస్తుందనుకున్నాను. అన్నాడు కూడా. "ఇతను చెప్పేది నిజం, ఆ పేరా నేను రాసిందే" అన్నాడు. అప్పుడు ముదీర్‌కు నామీదే కాక ఆయనమీద కూడా కోపం వచ్చింది. నాతో, "ఖలాస్. రేపటినుంచి బస్సు" అన్నాడు. నాలుగు భాషల్లో ముద్ర కొట్టిన ప్రకటనను మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాడు. హెడ్డాఫీసు దాన్ని కంపెనీ పత్రికలో గొప్పగా వేసేసిందట.

ఎన్నిక శుక్రవారం మెస్సులో జరిగింది. పెద్దిరాజు గెలిచాడు. నన్ను కూడా నిలబడమన్నారు. ఏడుగురిలో ఒకడిగా చెయ్యెత్తినవాణ్ణి, నాకు మొహం చెల్లలేదు. నన్ను తీసేశాక కమిటీలో మిగిలిన నియమితులు ఆరుగురు, మత్స్యకారుల ప్రతినిధి ఒకడు. పెద్దిరాజు కూలర్ల సంగతి ఎత్తితే ఆరు చేతులు వ్యతిరేకంగా లేచాయి. అతను గొడవ పడలేదు. "నా ఓటర్లకి సెప్పి రావాలండి" అని బయటికి వచ్చాడు. ఆరువందల మందీ ఖాళీ సీసాలు పట్టుకుని మెట్లమీద, వరండాలో కూర్చుని ఉన్నారు. పెద్దిరాజు జరిగింది చెప్పాడు. మళ్ళీ లోపలికి వెళ్ళి, "ఇన్నారండి. ఇక్కడే కూకుంటారంట" అన్నాడు. వాళ్ళమధ్య నేనూ ఉన్నాను. చెమట వాసన మళ్ళీ అలవాటవుతోంది.

గంట తర్వాత తీర్మానం మారింది. 'క్రమక్రమంగా' అనే మాట మాత్రం పోలేదు. సోమవారం మొదటి అంతస్తుకు, బుధవారం రెండోదానికి, శనివారం మూడోదానికి కూలర్లు వచ్చాయి.

మరుసటి వారమే కంపెనీ కమిటీని రద్దు చేసింది. అనుకున్న లక్ష్యాలన్నీ సాధించింది కనుక దాని అవసరం లేదట. సభ్యులందరికీ ప్రశంసాపత్రాలు ఇచ్చారు. పెద్దిరాజు పత్రంలో 'మత్స్య పరిశ్రమకు చేసిన సేవకు' అని ఉంది. లాంగ్‌ఫోర్డ్ సార్ రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు సైటుకు వచ్చి నాతో చేతులు కలిపాడు. నా చేతికి సిమెంటు ఉందన్నాను. పర్వాలేదన్నాడు.

జీతం తగ్గింది, అమ్మకు పంపేది కొంచెం ఆలస్యమవుతుందని చెప్పు. నేను బాగానే ఉన్నాను. మెస్సులో పప్పు గరిటెనిండా వేస్తున్నారు.

అయూబ్


చిన్నకొట్టాల
11 ఫిబ్రవరి 2007

నా తమ్ముడు అయూబుకు, మనస్ఫూర్తిగా దీవెనలు.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. డబ్బు సంగతి పట్టించుకోలేదు. ఎండలో తలకు గుడ్డ కట్టుకోమంది.

బడి దగ్గర పునాది తవ్వారు. రాయి తగిలి రెండురోజులు ఆగింది, ఇప్పుడు మళ్ళీ సాగుతోంది. నాకు అన్నీ తెలిసిపోయాయని అనుకోకు. పోయిన సమావేశంలో ఒక కాయితం అర్థంకాక వాయిదా వేశాను. కార్యదర్శి విసుక్కున్నాడు. విసుక్కోనీ అనుకున్నాను.

మీ బావ చాన్నాళ్ళు ముభావంగా తిరిగాడు. ఈమధ్య మళ్ళీ మోటార్ల పనిలో పడ్డాడు. మూసేసిన దుకాణం వేరేవాళ్ళు తీసుకున్నారు, ఇంట్లో స్థలం చాలడం లేదట. బస్టాండు పక్కన పంచాయతీ గది ఖాళీగా ఉంది కదా, అది అద్దెకు ఇమ్మని నిన్న అన్నం తింటూ అడిగాడు. ఇంకో ఇద్దరు కూడా అడుగుతున్నారు, దరఖాస్తు పెట్టుకుంటే సభలో చూస్తామని చెప్పాను. "కట్టుకున్న మొగుడు గూడా దరఖాస్తు పెట్టల్నా?" అన్నాడు. పెట్టాలన్నాను.

ఇప్పుడు వసారాలో కూర్చుని రాస్తున్నాడు. రెండు కాయితాలు చించాడు. లోపల ఏం రాయాలో ఆయనకు తెలుసట, పైన సంబోధన దగ్గరే ఆగిపోయాడు. ఇంతకుముందే పెన్ను చెవిలో పెట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చి, 'గౌరవనీయులైన సర్పంచ్ గారికి' అని రాస్తే సరిపోతుందా, పక్కన పేరు కూడా ఉండాలా అని నన్నే అడిగాడు.

పేరు కూడా ఉండాలని చెప్పాను.

మీ అక్క
హుస్సేనమ్మ